డీఎన్ఏ ఆర్డర్‌కు హిట్ వచ్చింది, తర్వాతేంటి?

జన్యువులు తయారుచేసే కంపెనీకి ఒక సీక్వెన్స్ ఫైలు, అంటే కావాల్సిన డీఎన్ఏ అక్షరాల వరుస, పంపితే, కొద్ది రోజుల్లో ఆ డీఎన్ఏ చిన్న ట్యూబులో ల్యాబ్‌కు వచ్చేస్తుంది. ఆ ఫైలు తయారీకి వెళ్లేలోపు దాన్ని ఎవరు చూస్తారు, ఏం చూసి సరే అంటారు అన్నదే స్క్రీనింగ్. దీని మీద చర్చలన్నీ సాఫ్ట్‌వేర్ చుట్టూనే తిరుగుతాయి. నిజానికి అది పనిలో సులువైన సగం. హిట్, అంటే ఆర్డర్ ఏదో ప్రమాదకర జీవి సీక్వెన్స్‌తో పోలినట్టు హెచ్చరిక, వచ్చాక ఒక మనిషి కూర్చుని తేల్చాల్సిన సగమే కష్టం. వ్యవస్థలు చతికిలపడేదీ అక్కడే.

నేపథ్యం రెండు ముక్కల్లో. 2002లో అమెరికాలోని స్టోనీ బ్రూక్‌లో ఎకార్డ్ విమ్మర్ బృందం సుమారు 7,500 బేస్‌ల (జన్యు అక్షరాల) పోలియో వైరస్ జన్యుక్రమాన్ని రసాయనికంగా కూర్చి, దాన్నుంచి పనిచేసే వైరస్‌ను రాబట్టింది. 2018లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఎవాన్స్ బృందం రెండు లక్షల పైచిలుకు బేస్‌ల హార్స్‌పాక్స్ వైరస్‌ను, కంపెనీ నుంచి తెప్పించుకున్న ముక్కలతో కట్టినట్టు ప్రచురించింది. హార్స్‌పాక్స్‌తో మనుషులకు పెద్ద ముప్పు లేదు గానీ, అది మశూచి వైరస్‌కు దగ్గరి చుట్టం. ఈ రెండింటి మధ్యలో, 2009లో, పెద్ద తయారీ కంపెనీలు ఐజీఎస్‌సీ (ఇంటర్నేషనల్ జీన్ సింథసిస్ కన్సార్టియం) అనే కూటమిగా ఏర్పడి ఉమ్మడి స్క్రీనింగ్ నియమాలు రాసుకున్నాయి. 2010లో అమెరికా ఆరోగ్య శాఖ మార్గదర్శకాలిచ్చింది. చాలా దేశాల్లో ఇది ఇప్పటికీ స్వచ్ఛందమే.

ఇక పోల్చడం ఎలాగో చూద్దాం. ఆర్డర్‌లోని సీక్వెన్స్‌ను చిన్న కిటికీలుగా విడగొట్టి ఒక్కో కిటికీనీ డేటాబేస్‌తో పోలుస్తారు. 2010 మార్గదర్శకాల్లో కిటికీ పొడవు 200 బేస్‌లు. 2023లో సవరించినప్పుడు 2026 అక్టోబరుకల్లా దాన్ని 50కి తగ్గించాలని చెప్పారు. బేస్‌లను మాత్రమే పోలిస్తే చాలదు. ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో చాలావాటికి ఒక్కోదానికి పలు కోడాన్‌లు (మూడేసి బేస్‌ల సంకేతాలు) ఉంటాయి కాబట్టి, బేస్‌లు వేరైనా ప్రోటీన్ ఒకటే కావచ్చు. అందుకే డీఎన్ఏ రెండు పోగుల్లో ఒక్కోదాన్నీ మూడు రకాలుగా, మొత్తం ఆరు రీడింగ్ ఫ్రేముల్లో (మూడేసి బేస్‌లుగా చదివే వరుసల్లో) అనువదించి, ప్రోటీన్ స్థాయిలో కూడా పోల్చాలి. చేతిలో డబ్బు లేని చిన్న కంపెనీలకు కూడా ఇప్పుడు సాకు లేదు. జెనీవా కేంద్రంగా పనిచేసే ఇబ్బిస్ సంస్థ కామన్ మెకానిజం అనే టూల్‌ను, సెక్యూర్‌డీఎన్ఏ తన సేవను ఉచితంగానే ఇస్తున్నాయి.

కిటికీ చిన్నదైతే భద్రత పెరుగుతుంది, దాంతోపాటే గోల కూడా. 50 బేస్‌లంటే పదహారు అమైనో ఆమ్లాలు. అంత చిన్న ముక్క, ముఖ్యంగా ఏటీపీని (కణానికి శక్తినిచ్చే అణువును) ప్రోటీన్ పట్టుకునే చోటు లాంటి మార్పులేని భాగం, సంబంధం లేని ఎన్నో జీవుల్లో కనిపిస్తుంది. అందుకే ‘అత్యంత దగ్గరి పోలిక’ సూత్రం వాడతారు. ఆ ముక్కకు అందరికన్నా దగ్గరి పోలిక నియంత్రిత జాబితాలోని (ప్రభుత్వాలు ప్రమాదకరమని గుర్తించిన) జీవితోనే ఉంటేనే జెండా ఎత్తుతారు. హానిలేని జీవితో కూడా అంతే పోలిక ఉంటే వదిలేస్తారు.

ఆంత్రాక్స్ బ్యాక్టీరియా దీనికి మంచి ఉదాహరణ. బాసిల్లస్ ఆంత్రాసిస్, నేలలో ఉండే బాసిల్లస్ సీరియస్, పంటల మీద పురుగు మందుగా వాడే బాసిల్లస్ తురింజియెన్సిస్, ఈ మూడింటి క్రోమోజోములూ దాదాపు ఒకే అచ్చు. రైబోజోమ్ ఆర్‌ఎన్ఏ జన్యువునో, రోజువారీ జీవక్రియకు కావాల్సిన ఎంజైమ్ జన్యువునో ఎవరైనా ఆర్డర్ చేస్తే ఆంత్రాక్స్ పేరుతో హిట్ రావచ్చు. కానీ ఆంత్రాక్స్‌ను ఆంత్రాక్స్‌గా చేసేవి ప్రధానంగా పీఎక్స్ఓ1, పీఎక్స్ఓ2 అనే రెండు ప్లాస్మిడ్‌ల (క్రోమోజోముకు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాల) మీద ఉంటాయి. కాబట్టి సమీక్షకుడు జీవి పేరు కన్నా ముందు ఆ ముక్క చేసే పని చూడాలి. ఆముదం మొక్క జన్యువు వస్తే కంగారు పడక్కర్లేదు, అది రైసిన్ అనే విషానిది అయితే తప్ప.

తప్పుడు హిట్‌లకు ఇంకో మూలం డేటాబేస్‌లే. పబ్లిక్ రికార్డుల్లో వైరస్ పేరుతో ఉన్న ఎంట్రీ చివర ప్లాస్మిడ్ ముక్క అంటుకుని ఉండటం కొత్తేం కాదు. అప్పుడు మామూలు యాంపిసిలిన్ నిరోధక జన్యువున్న ప్రతి ఆర్డరూ ఆ వైరస్ పేరుతో ఆగిపోతుంది. వెక్టర్ వెన్నెముకలను (జన్యువును మోసే ప్లాస్మిడ్‌లోని మామూలు భాగాలను) ముందే గుర్తించి పక్కన పెడితే ఈ తలనొప్పి చాలావరకు పోతుంది. పేర్లతో మరో చిక్కు. వైరస్‌ల వర్గీకరణ సంఘం జాతుల పేర్లను రెండు పదాల పద్ధతికి మార్చాక జైర్ ఎబోలావైరస్ కాస్తా ఆర్థోఎబోలావైరస్ జైరెన్సే అయింది. జాబితాలో పాత పేరు, డేటాబేస్‌లో కొత్త పేరు ఉండి, పోలిక అక్షరాల మీద ఆధారపడితే, రావాల్సిన హిట్ రాకుండా పోతుంది. తప్పుడు హిట్ కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ తెలియదు. పేరుతో కాకుండా టాక్సానమీ సంఖ్యతో (డేటాబేస్‌లో ఒక్కో జీవికి ఇచ్చే గుర్తింపు సంఖ్యతో) పోల్చాలి. ఆ సంఖ్యలు కూడా అప్పుడప్పుడు విలీనమవుతుంటాయి కాబట్టి డేటాబేస్ మార్చిన ప్రతిసారీ, హిట్ కచ్చితంగా రావాల్సిన నమూనాల గుంపునొకదాన్ని నడిపి చూడాలి.

తప్పుడు హిట్‌లు ఎక్కువైతే పోయేది సమయం ఒక్కటే కాదు. రోజంతా ఉత్తుత్తి జెండాలు చూసిన కన్ను, అసలుది వచ్చినప్పుడు కూడా అలవాటు కొద్దీ ‘ఓకే’ నొక్కేస్తుంది. నా దృష్టిలో స్క్రీనింగ్ బృందాన్ని కొలవాల్సింది ఎన్ని ఆర్డర్లు ఆపారన్న లెక్కతో కాదు, ప్రతి హిట్‌కూ కారణం రాయగలిగారా అన్నదాంతో.

నిజమైన హిట్ అయినంత మాత్రాన ఆర్డర్ చెడ్డదని కాదు. ఎబోలా పైపొర ప్రోటీన్‌ను తీసుకోండి. 676 అమైనో ఆమ్లాలు, రెండు వేల బేస్‌ల పైన కోడింగ్ భాగం. నూటికి నూరు శాతం హిట్. కానీ టీకా పరిశోధనలో, సూడోవైరస్ (వేరే హానిలేని వైరస్‌కు ఈ పైపొర తొడిగిన నమూనా) పరీక్షల్లో దీన్ని విరివిగా వాడతారు. ఈ ఒక్క జన్యువుతో ఎబోలా వైరస్ తయారవదు. ఇక్కడి నుంచి ప్రశ్న సీక్వెన్స్‌ది కాదు, అడిగినవాళ్లది.

కస్టమర్ పరిశీలనలో తేల్చాల్సినవి మూడు: ఇతను చెప్పుకున్న మనిషేనా, ఈ పని ఇతని పనేనా, ఇతని మీద సంస్థాగత పర్యవేక్షణ ఉందా. సంస్థ ఈమెయిలు, పాత ప్రచురణలు, బయోసేఫ్టీ కమిటీ అనుమతి, ఎగుమతి అయితే లైసెన్సు చూడాలి. ధ్రువీకరణకు ఫోన్ చేసేటప్పుడు కస్టమర్ ఇచ్చిన నంబరుకు చేయకూడదు. సంస్థ నంబరు మనమే వెతికి పట్టుకుని బయోసేఫ్టీ అధికారితో మాట్లాడాలి. డిస్ట్రిబ్యూటర్ ద్వారా వచ్చిన ఆర్డర్లలో అసలు వాడేది ఎవరో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎక్కువగా జారిపోయేవి ఇవే. డెలివరీ చిరునామా ఇల్లు కావడం, లేబుల్ మీద వేరే పేరు వేయమనడం, ప్రయోజనం అడిగితే దాటవేయడం, వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. నిజమైన హిట్‌తో కలిసి వస్తే మాత్రం ఆర్డర్ అక్కడే ఆపి పైవాళ్లకు పంపాలి.

ఆర్డర్ పెట్టే ల్యాబ్‌లకు ఒక మాట. ఉత్త అక్షరాల వరుస బదులు, ఏ భాగం ఏమిటో గుర్తులు పెట్టిన జెన్‌బ్యాంక్ ఫైలు పంపండి. ప్రయోజనం రెండు వాక్యాల్లో, కమిటీ అనుమతి సంఖ్య, సామాగ్రి అందుకునే వ్యక్తి పేరు జతచేయండి. చాలా ఆలస్యాలు అనుమానం వల్ల రావు, జవాబు రాని ఈమెయిళ్ల వల్ల వస్తాయి.

2025 అక్టోబరులో సైన్స్ పత్రికలో మైక్రోసాఫ్ట్ పరిశోధకుల నాయకత్వంలో ఒక అధ్యయనం వచ్చింది. కృత్రిమ మేధతో తిరగరాసిన టాక్సిన్ ప్రోటీన్‌లలో కొన్నింటిని అప్పటి టూల్స్ పట్టుకోలేదని కంప్యూటర్ మీదే చూపి, ముందుగానే టూల్స్ తయారీదార్లతో కలిసి సవరణలు చేయించారు. అయినా అన్నీ దొరకలేదు. వరుస పోలిక మీదే ఆధారపడిన పద్ధతి ఎంతకాలం నిలుస్తుందన్న సందేహం అందుకే. దాంతో కస్టమర్ పరిశీలన విలువ ఇంకా పెరిగింది.

రికార్డుల సంగతి. ఎనిమిదేళ్లు దాచమని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. సీక్వెన్స్, కస్టమర్ వివరాలతో పాటు డేటాబేస్ వెర్షన్, టూల్ వెర్షన్, వచ్చిన హిట్‌లు, సమీక్షించిన వ్యక్తి, నిర్ణయానికి ఒక వాక్యం కారణం రాయాలి. డేటాబేస్ మారితే అదే సీక్వెన్స్‌కు ఆరు నెలల తర్వాత వేరే ఫలితం వస్తుంది. వెర్షన్ రాసి లేకపోతే అప్పటి నిర్ణయం సరైనదో కాదో చెప్పే దారి ఉండదు. అదే కస్టమర్ వేర్వేరు రోజుల్లో పెట్టిన ఆర్డర్లను కలిపి చూడటానికీ ఈ రికార్డులే ఆధారం.

తిరస్కరించాల్సి వస్తే ఉత్తరం పొట్టిగా ఉండాలి. ‘మా భద్రతా నిబంధనల ప్రకారం ఈ ఆర్డర్ చేయలేం, పునఃపరిశీలన కావాలంటే మీ సంస్థ బయోసేఫ్టీ అధికారి మమ్మల్ని సంప్రదించాలి’ అంటే చాలు. ఏ ముక్క దగ్గర హిట్ వచ్చిందో, ఎంత శాతం పోలిందో అందులో రాయకూడదు.