అడ్డం తిరిగిన ఫొటోలు

గోవిందరాజస్వామి గోపురాన్ని వీధిలో నిలబడి, తల బాగా వెనక్కి వంచి తీసిన ఫొటో కంప్యూటర్‌లో పక్కకు పడుకుని కనిపించిందా? కపిలతీర్థం జలపాతాన్ని కింద నుంచి పైకి తీసినా, పండక్కి వాకిట్లో వేసిన ముగ్గు మీదికి ఫోను వంచి తీసినా ఇదే తంతు. ఫోను పాడైపోలేదు. అందులోని యాక్సిలరోమీటర్ భూమి ఏ వైపుకు లాగుతోందో చూసి ఇది నిలువు ఫొటోనా అడ్డం ఫొటోనా అని తేల్చుకుంటుంది. లెన్సు నేరుగా నేలనో ఆకాశాన్నో చూస్తుంటే దానికి ఆ తేడా అందదు. చాలా ఫోన్లు అంతకుముందు ఫోను ఎలా ఉందో అదే రాసేసి ఊరుకుంటాయి. అలాంటి చోట్ల ఫోనును ముందు మామూలుగా నిలువుగా పట్టుకుని, తెర మీది గుర్తులు నిలువుకు తిరిగాక మెల్లగా వంచితే సగం బాధ తప్పుతుంది.

రాసేది ఎక్కడంటే, ఫొటో ఫైల్లోనే ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో. కెమెరా సెన్సర్ ఎప్పుడూ ఒకే తీరున బిగించి ఉంటుంది కాబట్టి మీరు నిలువుగా తీసినా బొమ్మ సాధారణంగా అడ్డంగానే నమోదవుతుంది. పక్కన ఓరియంటేషన్ అనే ట్యాగులో ఒక అంకె పడుతుంది. 1 అంటే ఉన్నది ఉన్నట్టు చూపించు, 6 అంటే గడియారం ముల్లు దిశలో 90 డిగ్రీలు తిప్పి చూపించు, 8 అంటే ఎదురు దిశలో 90, 3 అంటే తలకిందులు. 2, 4, 5, 7 అద్దంలో బొమ్మల కోసం; ఇంటి ఫొటోల్లో అరుదు.

అందుకే కనిపించగానే తిప్పేయొద్దు. తప్పు బొమ్మలో ఉందా, ట్యాగులో ఉందా, చూపించే పరికరంలో ఉందా అన్నది ముందు తేలాలి. అదే ఫైలును క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో తెరవండి. ఇవి ట్యాగును పాటిస్తాయి. అక్కడ నిటారుగా ఉండి టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు మాత్రమే పడుకుంటే, ఆ టీవీ ట్యాగును చదవడం లేదన్నమాట. విండోస్ 7తో వచ్చిన ఫొటో వ్యూయర్‌ది కూడా ఇదే జబ్బు. విండోస్ 8 నుంచి సర్దుకుంది. బ్రౌజర్‌లోనూ వంకరగానే ఉంటే ట్యాగే తప్పు, లేదా మధ్యలో ఏదో సాఫ్ట్‌వేర్ బొమ్మను తిప్పేసి ట్యాగును పాతదే వదిలేసింది. ఈ రెండోది చిరాకు పెట్టే రకం. తిప్పిన బొమ్మను ట్యాగు మళ్లీ తిప్పుతుంది, మీరు ఇంకోసారి తిప్పుతారు, ఒక్కో చోట ఒక్కో తీరున కనిపిస్తుంది.

విండోస్‌లో ఈ పనికి ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటోలు చూసే సాఫ్ట్‌వేర్ చాలు, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. దాని ప్లగిన్ల (అదనపు సదుపాయాల) ప్యాకేజీ కూడా వేసుకోవాలి, లేకపోతే నాణ్యత తగ్గకుండా తిప్పే సదుపాయం పనిచేయదు. ఫొటో తెరిచి కీబోర్డు మీద ఐ (I) నొక్కి, వచ్చిన కిటికీలో ఎగ్జిఫ్ బటన్ నొక్కితే ఓరియంటేషన్ ఎదురుగా ‘రైట్ టాప్’ అని ఉంటే అది 6, ‘లెఫ్ట్ బాటమ్’ అయితే 8, ‘టాప్ లెఫ్ట్’ అయితే 1. షిఫ్ట్, జె (J) కలిపి నొక్కితే లాస్‌లెస్ రొటేషన్, అంటే నాణ్యత తగ్గకుండా తిప్పే కిటికీ వస్తుంది. ట్యాగు సరిగ్గానే ఉండి టీవీ కోసమే తిప్పాలంటే అందులో ఆటో రొటేట్ ఎంచుకోండి: ట్యాగు చెప్పినట్టు బొమ్మనే తిప్పేస్తుంది. ట్యాగే తప్పయితే దిశ మీరే ఎంచుకోవాలి. ఫైలు తేదీని అలాగే ఉంచే ఎంపికకు టిక్ పెట్టడం మరిచిపోవద్దు. జాతర ఫొటోలు వందల్లో ఉంటే థంబ్‌నెయిల్స్ (చిన్న బొమ్మల) కిటికీలో తిప్పాల్సినవన్నీ ఎంచుకుని ఒకేసారి కానివ్వచ్చు. ముందు ఫోల్డర్ మొత్తాన్ని వేరే చోటికి కాపీ చేశాకే.

లాస్‌లెస్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, జేపెగ్‌ను (ఎక్కువ ఫొటోలు ఉండే ఫైలు రకం) మామూలుగా తెరిచి, తిప్పి, సేవ్ చేస్తే బొమ్మ మళ్లీ కుదించబడి ప్రతిసారీ కాస్త నాణ్యత పోతుంది. జేపెగ్ బొమ్మను చిన్న చిన్న గళ్లుగా దాచుకుంటుంది; లాస్‌లెస్‌లో ఆ గళ్లను మళ్లీ కుదించకుండానే తిప్పి చోటు మారుస్తారు. ఫోన్ ఫొటోల్లో ఎక్కువగా ఈ గడి 16 పిక్సెళ్ల చదరం. ఇక్కడే ఒక తిరకాసు. 12 మెగాపిక్సెల్ ఫొటో 4000 × 3000 ఉంటుందనుకోండి. 4000ను 16తో భాగిస్తే సరిగ్గా 250. 3000ను భాగిస్తే 187 గళ్లు పోగా 8 పిక్సెళ్ల చీలిక అడుగున మిగులుతుంది. గడియారం దిశలో తిప్పితే అడుగు అంచు ఎడమకు రావాలి, కానీ జేపెగ్‌లో సగం గడి కుడి అంచునో అడుగునో తప్ప ఉండటానికి లేదు. దాంతో ఆ సన్నని చీలిక కుడివైపే అతుక్కుని ఉండిపోతుంది. గోపురం ఫొటో చివర వేరే రంగు గీతలా కనబడేది అదే. ఎదురు దిశలో తిప్పితే ఈ గొడవే రాదు. చీలికను కత్తిరించే ట్రిమ్ సదుపాయం ఉంటే వాడేయండి: 3000 కాస్తా 2992 అవుతుంది, ప్రింటులో మిల్లీమీటరు కూడా కాదు. 4608 × 3456 ఫొటోలకు ఈ బెడద లేదు, రెండూ 16తో తెగుతాయి.

బొమ్మ బాగానే ఉండి ట్యాగు మాత్రమే తప్పయితే అసలు బొమ్మను ముట్టుకోనక్కర్లేదు. ఆదేశాలు టైపు చేసి వాడే ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఓరియంటేషన్‌ను 1 చేస్తే సరి. అంకెగా ఇస్తున్నామని చెప్పే ‘మైనస్ ఎన్’ (-n)ను ఆదేశంలో జతచేయాలి. పాత ఫైలును పేరు చివర ‘ఒరిజినల్’ తగిలించి అదే పక్కన ఉంచుతుంది కాబట్టి భయం లేదు.

తిప్పాక కూడా ఫోల్డర్‌లో చిన్న బొమ్మ పాతదే కనిపిస్తే కంగారుపడి మళ్లీ తిప్పొద్దు. విండోస్ దాచుకున్న పాత థంబ్‌నెయిల్ అది. డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్‌కు టిక్ పెట్టి తుడిచేస్తే కొత్తది వస్తుంది. కెమెరా కార్డు మీదే తిప్పబోతే సేవ్ కాకపోవడానికి కారణం చాలాసార్లు ఆ కార్డు పక్కనుండే చిన్న లాక్ మీట.

పాత పెళ్లి ఆల్బమ్‌లు స్కాన్ చేయించినవైతే దిశ చెప్పే ట్యాగు ఉంటుందని ఆశపడొద్దు, కంటితో చూసి తిప్పడమే. నెగటివ్‌ల నుంచి చేయించినవైతే వెనక కనిపించే బస్సు బోర్డో దుకాణం బోర్డో చదవండి. అక్షరాలు తిరగబడి ఉంటే నెగటివ్‌ను బోర్లా పెట్టి స్కాన్ చేశారన్నమాట. దానికి రొటేట్ కాదు, ఇర్ఫాన్‌వ్యూ లాస్‌లెస్ రొటేషన్ కిటికీలోని హారిజాంటల్ ఫ్లిప్ వాడాలి.