నీతివాక్యం పక్కన పెట్టి బొమ్మ చూపించండి

తిరుపతి పిలకాయలకు గుండు కొత్త కాదు. తరగతిలో ఎప్పుడూ ఎవరో ఒకరు కొండకు పోయొచ్చి, తలకు చందనం పూసుకుని కూర్చుంటారు. పక్కవాళ్లు ఒకసారి తడిమి చూసి ఊరుకుంటారు. అందుకే, తరగతిలో దయ నేర్పే బొమ్మల పుస్తకం చదువుతూ, జబ్బుకు వేసిన మందుల వల్ల జుట్టు రాలిపోయిన పాప బొమ్మ చూపిస్తే ఇక్కడ ముందు వచ్చే ప్రశ్న "కొండకు పోయొచ్చిందా టీచర్?" అనే. చదివేవాళ్లు కంగారుపడి "కాదు నాయనా, పాపం ఆ బిడ్డకు జబ్బు" అనేస్తే పుస్తకం అక్కడితో చెడిపోయినట్టే. "కొండకు పోలేదు. గట్టి మందు వేశారు, జుట్టు రాలింది. మందు ఆపినాక చాలామందికి మళ్లీ వస్తుంది" అని చెప్పి పేజీ తిప్పితే చాలు. గుండంటే వాళ్లకున్న చనువు ఆ పాప మీదికి దానంతటదే పోతుంది. వాళ్లకు లేని జాలిని మనం నేర్పనక్కర్లేదు.

ఇలాంటి ఆసరాలు మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. గంగ జాతర వస్తే మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధిలో నడుస్తారు, పిల్లలు వాళ్ల చెయ్యి పట్టుకుని పోతారు. కాళ్లూ చేతుల వైకల్యానికి వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రి దారిలో కాళ్లకు కట్టే క్యాలిపర్లు, చక్రాల కుర్చీలు కనిపిస్తూనే ఉంటాయి. నగరి, సత్యవేడు, కుప్పం బళ్లలో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు ఉంటారు. పుస్తకం ఎంచుకునేటప్పుడు, చదివేటప్పుడు ఇవన్నీ పనికొస్తాయి.

ముందు ఎంపిక సంగతి. దయ నేర్పే పుస్తకం అనగానే మచ్చల ఏనుగో, రంగు వేరైన కాకో ఉన్న కథ చేతికిస్తారు. 2017లో టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పంచుకోవడం గురించిన కథ చదివి, తర్వాత స్టిక్కర్లు పంచుకోమన్నారు. మనుషుల బొమ్మలున్న కథ విన్న పిల్లలు మునుపటికన్నా ఎక్కువ ఇచ్చారు. అదే కథ జంతువుల బొమ్మలతో విన్నవాళ్లలో ఆ పెరుగుదల లేదు. జంతువుల కథలు మానేయమని నేననను. కానీ పక్క బెంచీలో కూర్చున్న పిల్లవాడి గురించి చెప్పాలనుకుంటే బొమ్మలో పిల్లవాడే ఉండాలి.

ఇంకా పెద్ద లోపం ఉన్న రకం ఒకటుంది. కథలో కుంటే పిల్లను ఎవరూ ఆటకు రానివ్వరు. చివర్లో ఆ పిల్ల ఎవరినో నీళ్లలోంచి కాపాడుతుంది, అందరూ చప్పట్లు కొట్టి ఆటలో కలుపుకుంటారు. చదవడానికి బాగానే ఉంటుంది, పిల్లలకు అందేది మాత్రం ఏదో ఘనకార్యం చేస్తేనే చేర్చుకోవాలనే లెక్క. ఏమీ సాధించకుండా, మామూలుగా అల్లరి చేస్తూ, ఊరిబిండి పచ్చడి ముద్దకు అలుగుతూ ఉండే పిల్ల కథ కావాలి. అలాగే, పన్నెండు పేజీల పుస్తకంలో ఏడిపించడం ఎనిమిది పేజీలుండి, చివరి పేజీలో 'క్షమించు' అనే మాట ఉంటే ఆ పుస్తకం వద్దు. మరుసటి రోజు బడి ఆవరణలో వినిపించేది ఆ ఎనిమిది పేజీల మాటలే. 'సోడాబుడ్డి' లాంటి పేరు అప్పటిదాకా తెలియని పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

బొమ్మలు విడిగా చూడండి. నల్లగా ఉన్నవాళ్లు దొంగలుగానో పనివాళ్లుగానో మాత్రమే ఉన్నారా? ఊరి బొమ్మలో గుడి, చెరువు, పెంకుటిళ్లు వేసి దళితవాడను వదిలేశారా? యానాది గిరిజనుల పిల్లలు ఎక్కడైనా ఉన్నారా? మధ్యాహ్న భోజనం వరుసలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు? కులం గురించి ఒక్క మాటా రాయకుండానే బొమ్మ చాలా చెప్పేస్తుంది, మంచైనా చెడైనా. పరికరాలు సరిగ్గా వేశారో లేదో కూడా చూడాలి. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లను ఎప్పుడూ ఎవరో ఒకరు తోస్తున్నట్టే వేస్తే తప్పు. చక్రం పక్కనున్న రింగు పట్టుకుని తనే నడుపుకుంటున్నట్టు ఉండాలి, పాదాలు పెట్టుకునే పలక ఉండాలి. చూపులేని పిల్లవాడి తెల్లకర్ర ముసలాయన ఊతకర్ర లాగా నిలువుగా ఉండదు, ముందుకు వాలి కొస నేలను తాకుతూ ఉంటుంది. ఇలాంటివి తప్పుగా ఉంటే ఆ పరికరం వాడే పిల్లలే ముందు పట్టేస్తారు.

దొరికే చోట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వాళ్ల తెలుగు బొమ్మల పుస్తకాలు వెతకండి. డబ్బు పెట్టలేని బడికి ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. కథల్ని ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు, రాసినవాళ్ల, బొమ్మలేసినవాళ్ల పేర్లు తీసెయ్యకుండా ఉంటే చాలు. 250 పదాల లోపు కథలు మొదటి స్థాయిలో, 600 దాకా ఉన్నవి రెండో స్థాయిలో ఉంటాయి. అంగన్‌వాడీకి, ఒకటో తరగతికి మొదటి స్థాయి దాటొద్దు. సరిహద్దు మండలాల్లో ఒకే కథను తెలుగులో, తమిళంలో రెండు ప్రతులు తీసి ఒకే సంచిలో పెట్టండి. తమిళ ప్రతిని, ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లవాడి అమ్మ వచ్చి చదివిన రోజున తరగతిలో ఆ పిల్లవాడి కూర్చునే తీరే మారిపోతుంది.

ప్రింటు తీసేటప్పుడు బుక్‌లెట్ పద్ధతి ఎంచుకుంటే 16 పేజీలు నాలుగు ఏ4 కాగితాల్లో వస్తాయి. పేజీల సంఖ్య నాలుగుతో భాగించేలా ఉండాలి. రెండువైపులా ప్రింటుకు పొట్టి అంచు మీద తిప్పమని పెట్టాలి, పొడుగు అంచు పెడితే వెనక పేజీలన్నీ తలకిందులుగా వస్తాయి. స్టేప్లర్ వద్దు, పిన్ను ఊడి చిన్నపిల్లల నోట్లోకి పోతుంది. కాగితాల్ని, వాటి కింద అట్టను కలిపి మడిచి, మడతలో దబ్బనంతో మూడు రంధ్రాలు చేయండి: నడిమిది 10.5 సెంటీమీటర్ల దగ్గర, మిగతా రెండూ చెరో అంచు నుంచి 4 సెంటీమీటర్లలో. దారం 55 సెంటీమీటర్లు తీసుకోండి. లోపలి నుంచి నడిమి రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలో లోపలికి, అక్కడి నుంచి నడిమిదాన్ని వదిలేసి కింది రంధ్రంలో బయటికి, మళ్లీ నడిమి దాంట్లో లోపలికి తెచ్చి, పొడుగు కుట్టు మీదుగా రెండు కొసల్నీ ముడి వేయాలి. దారాన్ని ముందే కొవ్వొత్తి మైనానికి రుద్దుకుంటే చిక్కుపడదు.

తరగతిలో చూపులేని పిల్లలుంటే తాకి చదివే పుస్తకం మీరే చెయ్యొచ్చు. పాత పెళ్లిపత్రికల మందపాటి అట్టలు దీనికి బాగా పనికొస్తాయి. ఒక పేజీకి ఒకే వస్తువు, చుట్టూ ఖాళీ. గీతలకు పురికొస, రోడ్డుకు హార్డ్‌వేర్ షాపులో దొరికే గరుకు కాగితం, మబ్బుకు దూది, చక్రానికి సీసా మూత. పురికొస ఊడిపోయిందంటే కొసలకు మాత్రమే ఫెవికాల్ రాసి ఉంటారు. గీత పొడుగునా రాసి, దాని మీద పురికొస పరిచి, ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా బరువు పెట్టాలి. పూసలు వాడొద్దు, మింగేస్తారు. దూరం దగ్గరా తెలిసేలా వాలుగా వేసిన బొమ్మ వేళ్లకు అర్థం కాదు. కుర్చీని ఎదుటి నుంచి, రెండు కాళ్లతో, చదునుగా వేయండి. కింద వాక్యం భారతి బ్రెయిల్‌లో, అంటే మన భాషలకు వాడే చుక్కల లిపిలో ఉండాలి. బ్రెయిల్ రాసే స్లేటు మీద చుక్కలు కుడి నుంచి ఎడమకు పొడుస్తారు, కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుతారు. బ్రెయిల్ తెలిసినవాళ్లు ఒకసారి చదివి సరేనన్నాకే అతికించండి. ఈ పుస్తకాన్ని చూపున్న పిల్లలకు కూడా ఇవ్వండి. కళ్లు మూసుకుని చదవాలని వాళ్లంతట వాళ్లే పోటీ పడతారు.

ఇక చదవడం. ఏ4 సైజు పుస్తకమైతే ఒక విడతకు పదిహేను మంది, అంతకు మించితే వెనకవాళ్లకు బొమ్మ కనబడదు. మొదటి రోజు ఎక్కడా ఆగకుండా చదవాలి. రెండో రోజు రెండు మూడు పేజీల దగ్గర మాత్రం ఆగాలి. మూడో రోజు పిల్లలే బొమ్మలు చూసి చెప్పాలి. చివర 'నీతి' అని అచ్చు వేసి ఉంటే దాని మీద కాగితం అతికించేయండి.

ప్రశ్నల దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. "అలా ఏడిపించడం మంచిదా?" అంటే తరగతి అంతా ఒకే గొంతుతో "తప్పు టీచర్" అంటుంది, అంతటితో ఆలోచన ఆగిపోతుంది. బొమ్మలోంచి అడగండి. "ఈ పేజీలో ఎవరు ఎవర్ని చూస్తున్నారు?" "చక్రాల కుర్చీ మెట్ల దగ్గర ఆగింది, ఇప్పుడు లోపలికి ఎట్లా పోవాలి?" ఒకడు మోసుకుపోదామంటాడు. "ఆ పాపను అడిగినావా?" అనండి. ఇంకొకడు మెట్ల మీద చెక్క పలక వాలుగా వేద్దామంటాడు. ఎంత పొడుగు పలక కావాలో తరగతి గడప దగ్గరే పుస్తకాల అట్టలు వాల్చి చూపించండి, పొట్టిదైతే ఎంత ఏటవాలుగా ఉంటుందో వాళ్లకే తెలుస్తుంది. ఎవరైనా "ఛీ, నల్లగా ఉంది" అంటే గదమాయించొద్దు. గదమాయిస్తే ఆ మాట ఆగదు, మీ ముందు అనడం ఆగుతుంది. అందరి చేతులూ పక్కపక్కన పెట్టించి, రంగుపెన్సిళ్లు కలిపి ఎవరి చేతి రంగు వాళ్లను తయారు చేయమనండి. డబ్బాలోని ఏ ఒక్క పెన్సిలూ సరిపోదు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. కథలోని పిల్లలాంటి బిడ్డ మీ తరగతిలోనే ఉంటే, చదువుతూ ఆ బిడ్డ వైపు చూడకండి. మీరు చూస్తే తలలన్నీ అటే తిరుగుతాయి. "నీకెట్లా ఉంటుందమ్మా?" అని అడగనే అడగొద్దు. ముందుగా ఇంటివాళ్లకు పుస్తకం చూపించండి. ఆ వారం చదివే నాలుగైదు పుస్తకాల మధ్యలో దీన్ని కలపండి. ఆ బిడ్డే చెయ్యెత్తి ఏదైనా చెబితే వినండి, లేకపోతే పేజీ తిప్పేయండి.

పుస్తకం ఇంటికి పంపేటప్పుడు సంచిలో ఒక చీటీ పెట్టండి, నోటితో కూడా చెప్పి పంపండి: చదవడం రాని అమ్మైనా, అవ్వైనా పక్కన కూర్చుని "ఈ బొమ్మలో ఏం జరుగుతోంది?" అని పేజీకి ఒకసారి అడిగితే సరిపోతుంది, మిగతాది బిడ్డే చెబుతుంది. వారం దాకా పుస్తకం తిరిగి ఇమ్మని అడగొద్దు. చిరిగి వస్తే సెల్లోటేపు వేయకండి, ఎండకు పసుపు పచ్చగా మారి ఊడుతుంది. పలుచని కాగితం ముక్కను మైదా జిగురుతో అతికించి, పక్కన ఉన్న పేజీకి అంటుకోకుండా మధ్యలో ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి ఆరనివ్వండి.