డవ్‌టెయిల్ అంచున ఎర్రమచ్చ

మొత్తానికి కంప్యూటర్‌లో నడుపుతున్న ఒత్తిడి లెక్కల మోడల్ కన్వర్జ్ అయింది, అంటే లెక్క స్థిరమైన జవాబుకి చేరింది! విమాన ఇంజిన్ ఫ్యాన్ బ్లేడ్‌కి ఉండే డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు) జాయింట్ అది. బ్లేడ్ అడుగుభాగం డిస్క్ గాడిలో కూర్చునే చోటు. ఇంజిన్ తిరుగుతుంటే బ్లేడ్‌ని బయటికి లాగే బలం టన్నుల్లో ఉంటుంది. దాన్నంతా మోసేవి రెండు పక్కలా ఉన్న సన్నటి వాలు తలాలే.

చిత్రమేమిటంటే, ఒత్తిడి ఎగదన్నేది మధ్యలో కాదు, రెండు లోహాల తాకిడి ముగిసే అంచు దగ్గర. మెష్ (లెక్క కోసం భాగాన్ని విడగొట్టే చిన్న గడుల వల) ముతకగా ఉంటే ఆ శిఖరం సరిగ్గా దొరకదు. ఒత్తిడి ఎక్కువున్న చోటుని ఎర్రగా చూపే రంగుల బొమ్మ మాత్రం ముచ్చటగానే వస్తుంది, అదే ప్రమాదం. ఘర్షణ గుణకం మార్చినా లెక్క మారిపోతుంది. అందుకే అక్కడ కాపర్-నికెల్-ఇండియం పూత, దానిపైన మాలిబ్డినం డైసల్ఫైడ్ లూబ్రికెంట్ వాడతారు. అవి అరిగితే ఘర్షణ పెరుగుతుంది. పైగా ప్రతి ప్రయాణమూ ఇంకో లోడ్ సైకిల్, అంటే బలం ఒకసారి పడి మళ్ళీ తగ్గడం.

2018 ఏప్రిల్ 17న అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 1380 విమానంలో ఫ్యాన్ బ్లేడ్ విరిగింది. ఫెటీగ్ పగులు (పదేపదే బలం పడి లోహం అలసి వచ్చే పగులు) పుట్టింది డవ్‌టెయిల్‌లోనే. ఒక ప్రయాణికురాలు చనిపోయారు. అది చదివినప్పటి నుంచి స్క్రీన్ మీద ఆ ఎర్రమచ్చని వట్టి రంగుగా చూడలేకపోతున్నా.

రేపు ఘర్షణ పెంచి, అంచు దగ్గర మెష్ ఇంకా సన్నం చేసి మళ్ళీ నడపాలి. ఈలోగా సర్వర్ ఎవరూ ఆక్రమించకండి బాబూ!