తలుపు ఎక్కడుందో పుస్తకంలో లేదు

షికాగో వెళ్ళినప్పుడు నా సంచిలో రెండు గైడ్ పుస్తకాలున్నాయి. ఒకటి ఊరు మొత్తానికి రాసింది. అందులో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కి దక్కింది అరపేజీ. రెండోది అక్కది, రైట్ కట్టిన భవనాల గురించే రాసిన పుస్తకం. అక్క ఆ ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో కొనుక్కుంది. ఒక్క ఇల్లూ చూడలేదు. "నువ్వైనా వెళ్ళి చూడరా, ఆ పుస్తకం డబ్బులన్నా గిట్టుబాటవుతాయి" అని నా చేతిలో పెట్టింది.

గ్రీన్ లైన్ రైల్లో చివరి స్టేషన్ దాకా వెళితే ఓక్ పార్క్. ఈ ఒక్క పేటలోనే రైట్ కట్టినవి పాతికదాకా ఉన్నాయి. దిగి నాలుగడుగులు వేశానో లేదో అక్క పుస్తకంతో పేచీ మొదలైంది. అందులో భవనాలన్నీ కట్టిన సంవత్సరం ప్రకారం వరసగా ఉన్నాయి. చదువుకోవడానికి అది బాగుంటుంది, నడిచేవాడికి నరకం. ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్న రెండిళ్ళకి మధ్య ముప్ఫై పేజీల దూరం. పైగా ప్రతి ఇంటికీ మొదట కట్టించుకున్న ఆసామి పేరే. వందేళ్ళ కిందటి యజమాని పేరుతో ఇల్లు వెతుకుతుంటే పోస్ట్‌మ్యాన్‌ని చూసి జాలేసింది. చివరికి నడిచే దారి ప్రకారం పేజీలకి చీటీలు పెట్టుకున్నాను. ఈ పని ముందురోజు రాత్రే చేసుకుని ఉండాల్సింది.

షికాగో ఎవెన్యూ మీద 1892లో కట్టిన రెండిళ్ళున్నాయి. వాటిని 'దొంగచాటు ఇళ్ళు' అనొచ్చు. అప్పుడు రైట్ లూయీ సల్లివన్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. బయట పనులు పట్టుకోకూడదని ఒప్పందం. సొంత ఇంటికి అప్పిచ్చింది కూడా ఆ సల్లివనే. ఈయన మాత్రం సాయంత్రాలు గుట్టుగా వేరేవాళ్ళకి ఇళ్ళు గీశాడు. సంగతి బయటపడి 1893లో అక్కణ్ణుంచి బయటికి రావాల్సి వచ్చింది. ఇవాళ మన ఐటీ కంపెనీలు మూన్‌లైటింగ్ అని గోల పెట్టేది ఇదే కదా! ఏటవాలు కప్పులతో ఆ ఇళ్ళు చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి. ఈ కథ పుస్తకంలో లేకపోతే ఆగకుండా దాటి వెళ్ళిపోయేవాణ్ణి.

దగ్గర్లోనే రైట్ సొంత ఇల్లు. 22 ఏళ్ళ వయసులో, 1889లో కట్టుకున్నాడు. 1898లో పక్కనే ఆఫీసు కలిపాడు. రెండింటినీ కలిపే నడవాలో చెట్టు అడ్డొస్తే కొట్టించకుండా దాని చుట్టూనే కట్టించాడట. టూర్‌లో నాకు నచ్చింది పిల్లల ఆటగది. ముందు ఇరుకైన, చీకటి దారిలోంచి తీసుకెళతారు. పైకప్పు తల మీదికి వచ్చినట్టుంటుంది. గదిలో అడుగు పెట్టగానే ఎత్తుగా అర్ధచంద్రంలా వంగిన కప్పు, వెలుగు. నొక్కి పట్టి ఒక్కసారి వదిలేసినట్టు. ఈ కిటుకు ఆ తర్వాత వెళ్ళిన ప్రతిచోటా కనిపించింది.

ఫారెస్ట్ ఎవెన్యూలో చాలా ఇళ్ళలో జనం కాపురాలున్నారు. కాలిబాట దాటి గడ్డి మీద అడుగు పెట్టొద్దని రెండు పుస్తకాలూ గట్టిగానే చెప్పాయి. 1902 నాటి హర్ట్‌లీ ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక ఇటుక వరస ముందుకి, ఒకటి వెనక్కి పెట్టడంతో గోడంతా అడ్డచారల నీడలు. తలుపు మాత్రం పెద్ద ఇటుక కమాను కింద లోపలెక్కడో, దానికి ముందు మళ్ళీ ఒక పొట్టిగోడ. రమ్మంటున్నాడో వద్దంటున్నాడో తెలియదు.

అసలు పరీక్ష యూనిటీ టెంపుల్ దగ్గర. పాత చర్చి పిడుగు పడి కాలిపోతే, 1905 నుంచి 1908 వరకు మూడేళ్ళలో కాంక్రీటు పోతపోసి కట్టిన చర్చి ఇది. మరమ్మతుల కోసం మూసేశారని అక్క పుస్తకంలో ఉంది. అది నమ్మి దీన్ని వదిలేద్దామనుకున్నాను. కానీ దారిలోనే ఉంది కదా అని వెళ్ళి చూస్తే, పనులు 2017లోనే పూర్తయ్యాయి! అయితే వీధిలోకి ఉన్నది మొండిగోడ. తలుపు లేదు. గోడ చుట్టూ సగం తిరిగాక పక్కన మెట్లు, వాటి పైన ప్రార్థనా మందిరానికీ, దాని పక్కనున్న జంట భవనానికీ మధ్య తలుపులు. లోపల మళ్ళీ చీకటి నడవా, ఒక మలుపు, కొన్ని మెట్లు. ఆఖరికి ప్రార్థనా మందిరం. పైన కాషాయపు అద్దాల్లోంచి దిగే వెలుతురు చూస్తే బయట మబ్బు పట్టిందన్న సంగతే మర్చిపోయాను. బయటికి వచ్చే తలుపులు ప్రసంగ వేదిక పక్కనే ఉన్నాయి. వెళ్ళిపోయేవాళ్ళు కూడా బోధకుడికి వీపు చూపించకుండా, ఆయన వైపే నడిచి రావాలని అలా పెట్టాడు.

రోబీ హౌస్ అక్క పుస్తకంలో నాలుగు పేజీల తర్వాతే వస్తుంది కాబట్టి అదే సాయంత్రం చూసేద్దామనుకోవడం నా బుద్ధితక్కువ. ఓక్ పార్క్ ఊరికి పడమట, రోబీ హౌస్ దక్షిణాన యూనివర్సిటీ పక్కన. మర్నాడు వెళ్ళాను. 1910 నాటి ఇల్లు. నేలకి అంటుకున్నట్టు పొడుగ్గా పరుచుకుని, ఆసరా లేకుండా బయటికి చాచిన కప్పుతో ఓడలా ఉంది. 1957లో దీన్ని కూల్చేస్తామంటే, తొంభైకి దగ్గరపడిన రైట్ స్వయంగా వచ్చి గొడవ చేశాడు. వీధి వైపు బాల్కనీ, వరసగా రంగుటద్దాల కిటికీలు. ఇక్కడా తలుపు లేదు! ఈసారి కంగారు పడలేదు.

రాత్రి పుస్తకం తిరిగిచ్చాను. అక్క తిరగేసి, "పుస్తకం నిండా పెన్సిల్ గీతలేంట్రా?" అంది. ప్రతి చిరునామా పక్కనా తలుపు ఎటుందో రాసిపెట్టాను. రోబీ హౌస్ దగ్గర ఉన్నది రెండే మాటలు: ఇంటి వెనక్కి.