హెచ్‌పీవీ 16, నేను, మా ఊరి మిలిటరీ కంచె

గొంతు కేన్సర్ అని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సిగరెట్టా, గుట్కానా?" రెండూ కాదంటే నమ్మరు. నమ్మినట్టే తలాడించి, అవతలికెళ్లి "కాలేజీ రోజుల్లో తాగే ఉంటాడులే" అనుకుంటారు. నేను కొత్తగూడెంలో సింగరేణి క్వార్టర్లలో పెరిగాను. చుట్టూ బీడీ పొగే గాని ఒక్కటీ కాల్చినవాణ్ని కాదు. ఇప్పుడు ఉంటున్నది అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్‌లో.

ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే మెడకు కుడివైపు, దవడ కింద, ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. మొదట యాంటీబయాటిక్స్ వాడాం, తగ్గలేదు. సూది గుచ్చి కణాలు తీసి పరీక్షకు పంపారు. అసలు కేన్సర్ కుడి టాన్సిల్‌లో ఉందని, అక్కణ్నుంచి మెడలోని లింఫ్ గ్రంథికి పాకిందని తేలింది. రిపోర్టులో "పీ16 పాజిటివ్" అని ఉంది, అంటే కణితిలో పీ16 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందని. అది చూపించి డాక్టరమ్మ "ఇది మాత్రం మంచి వార్త" అంది. కేన్సర్ రిపోర్టులో మంచి వార్త ఏమిటో నాకర్థం కాలేదు.

నా కేన్సర్‌కి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ), అందులో 16వ రకం. రిపోర్టులోని పీ16 దానికి గుర్తు. ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ తెచ్చేదీ ఎక్కువగా ఇదే. శారీరక సంబంధం వల్ల సోకుతుంది. దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం సోకుతుంది, చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో ఉండిపోయి, ఎన్నో ఏళ్ల తర్వాత ఇలా బయటపడుతుంది. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పే పరీక్ష ఏదీ లేదు.

ఇదంతా చెబుతున్నప్పుడు మా ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కారు ఆపాక తనే అంది. "డాక్టరు చెప్పింది నేనూ విన్నాను. మీరేం సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. రేడియేషన్‌కి ముందు పళ్లు చూపించుకోవాలట, డెంటిస్టు ఎప్పుడు రమ్మన్నాడో చూడండి." మా ఇంట్లో ఆ విషయం మీద చర్చ అంతే.

రేడియేషన్ వారానికి ఐదు రోజులు. ముఖానికి, భుజాలకు సరిగ్గా సరిపోయేలా ప్లాస్టిక్ వల లాంటి మాస్క్ తయారుచేసి, దాన్ని తొడిగి బల్లకు బిగిస్తారు. మింగడం కుదురుతుంది గాని తల కదలదు. దాంతోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. దాని మూలంగా చెవుల్లో మొదలైన గుయ్‌మనే మోత ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మొదటి రెండు వారాలు "ఓస్, ఇంతేనా" అనిపించింది. ఆ తర్వాత రుచి పోయింది. చారు తాగితే మట్టినీళ్లలా ఉండేది. ఇంకొన్నాళ్లకి గొంతంతా పుండు. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించడం, మార్ఫిన్ సిరప్ వేసుకోవడం, సగ్గుబియ్యం జావ చెంచాతో మింగబోయి మధ్యలోనే వదిలేయడం. చివరికి పొట్టలోకి ఫీడింగ్ ట్యూబ్ వేశారు. కొత్తగూడెం నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి "ఏం తిన్నావు నాన్నా?" అని అడిగేది. పెరుగన్నం అని చెప్పేవాణ్ని. చెబుతుండగానే మా ఆవిడ ట్యూబులో డబ్బా పాలు పోస్తుండేది.

ఆ రోజుల్లోనే మా బావ వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పంపాడు. "బామ్మర్దీ, కేన్సర్ వైరస్‌లు మీ ఊళ్లోనే తయారుచేశారట, చూడు." మా ఊళ్లో ఫోర్ట్ డెట్రిక్ అనే సైనిక స్థావరం ఉంది. ఆసుపత్రికి వెళ్లే దారిలో రోజూ దాని కంచె కనిపిస్తుంది. ఈ పుకారు కొత్తదేం కాదు, దాని పుట్టుకకీ మన దేశానికీ సంబంధం ఉంది. ఎయిడ్స్ వైరస్‌ని అక్కడే సృష్టించారని 1983లో ఢిల్లీ నుంచి వెలువడే 'పేట్రియాట్' పత్రికలో పేరులేని ఉత్తరం ఒకటి అచ్చయింది. అది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ చేసిన పని అని తర్వాత బయటపడింది. రాత్రిళ్లు నిద్ర ఎలాగూ పట్టేది కాదు. అసలు ఆ కంచె వెనక ఏం జరిగిందో చదవడం మొదలుపెట్టాను.

కోళ్లలో కేన్సర్ తెచ్చే వైరస్‌ని పేటన్ రౌస్ 1911లోనే చూపించాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1950లలో ఎలుకల్లో అలాంటివే దొరికాక, మనుషుల్లోనూ ఉంటాయన్న ఆశ పుట్టింది. 1964లో అమెరికన్ కాంగ్రెస్ కోటి డాలర్లిచ్చి, లుకేమియా (రక్త కేన్సర్) వైరస్ కోసం నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ చేత ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టించింది. కొన్నేళ్లకి దాన్ని అన్ని కేన్సర్లకీ విస్తరించారు. జీవాయుధాల తయారీని 1969లో ఆపేసిన అధ్యక్షుడు నిక్సన్, 1971లో ఫోర్ట్ డెట్రిక్ ప్రయోగశాలల్ని కేన్సర్ పరిశోధనకి ఇస్తున్నట్టు ప్రకటించాడు. బావ పంపిన ఫార్వర్డ్‌లో నిజం ఈ మాత్రమే.

వాళ్లు ఎక్కువగా వెతికింది రెట్రోవైరస్‌ల కోసం, అంటే తమ ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చి మన కణాల్లో కలిపేసే రకం. మనిషి కేన్సర్ వైరస్ దొరికిందని ప్రకటించడం, చివరికి అది పిల్లిదో కోతిదో అని తేలడం. 1974లో నార్టన్ జిండర్ అనే శాస్త్రవేత్త అధ్యక్షతన వేసిన కమిటీ ఆ కార్యక్రమాన్ని గట్టిగానే మందలించింది. కాంట్రాక్టులు ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకే గుంపు, బయటివాళ్ల తనిఖీ లేదు అంది. ఇంత చదివాక నాకు కనిపించిన రహస్యం ఇదే, కుట్ర కాదు, మన ఊళ్లలో రోడ్డు కాంట్రాక్టుల్లో చూసే భాగోతమే.

అయినా కేన్సర్ వైరస్‌ల వెతుకులాటంతా వృథా అంటే నేనొప్పుకోను. ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసిన బెర్నీస్ ఎడ్డీ, పోలియో టీకా తయారీకి వాడే కోతి కిడ్నీ కణాల్లో ఏదో ఉందని, అది చిట్టెలుకల్లో కణితులు తెస్తోందని 1960 ప్రాంతంలో చెప్పింది. మెచ్చుకోవాల్సిన పైవాళ్లు ఆమెను టీకాల పని నుంచే తప్పించారు. ఆ ఏదో ఎస్‌వీ40 అనే కోతి వైరస్. దానివల్ల మనుషుల్లో కేన్సర్ పెరిగినట్టు తర్వాతి పెద్ద అధ్యయనాల్లో తేలలేదు గాని, దాని మీద పనిచేస్తుండగానే 1979లో పీ53 అనే ప్రొటీన్ బయటపడింది. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపేదో చంపేదో అదే. 1980లలో జర్మనీలో హరాల్డ్ జుర్ హౌజెన్ బృందం హెచ్‌పీవీ 16, 18లను పట్టుకుంది. ఆ వైరస్ తయారుచేసే ఈ6 అనే ప్రొటీన్ పీ53ని నాశనం చేయిస్తుందని 1990లో తేలింది.

నాకు వర్తించే సంగతి ఇక్కడుంది. పొగాకు వల్ల వచ్చే గొంతు కేన్సర్లలో పీ53 జన్యువే చాలాసార్లు చెడిపోయి ఉంటుంది. నా బోటివాళ్లలో జన్యువు బాగానే ఉంటుంది, దాని ప్రొటీన్‌ని వైరస్ నిలవనివ్వదు, అంతే. రేడియేషన్‌కి మా కణితులు బాగా లొంగడానికి ఇది ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

టాన్సిల్ కేన్సర్‌లో ఈ రకం వేరే జబ్బని గట్టిగా చెప్పిన పరిశోధన 2000లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ నుంచి వచ్చింది. ముందుండి నడిపింది మౌరా గిలిసన్. ఆ బృందంలో కీర్తి షా ఉన్నాడు. మన దేశంలో పుట్టిన వైరాలజిస్టు, అంతకుముందు చాలాకాలం పనిచేసింది ఆ ఎస్‌వీ40 మీదే. ప్రభుత్వ నిధులతో ఇలాంటి గొంతు కేన్సర్ రోగుల మీద జరిగిన ఇంకో అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. వైరస్ ఉన్నవాళ్లలో మూడేళ్ల తర్వాత బతికున్నది 82 శాతం, లేనివాళ్లలో 57 శాతం. డాక్టరమ్మ "మంచి వార్త" అన్నది ఈ అంకెల్ని చూసే.

చికిత్స అయిపోయాక కూడా కొన్ని వారాలు నొప్పి పెరుగుతూనే పోయింది, ఈ సంగతి ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. ట్యూబ్ తీసేశారు. రుచి ఒక్కసారిగా రాలేదు. ముందు ఉప్పు, చాలా ఆలస్యంగా తీపి. ఆవకాయ ఇప్పటికీ నోరు మండిస్తుంది, కాస్త నూనె కలుపుకుని తింటాను. లాలాజలం తక్కువ, నీళ్ల సీసా లేకుండా గడప దాటను. థైరాయిడ్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. స్కాన్లు ఇప్పటిదాకా బాగానే ఉన్నాయి.

అక్క మనవరాలికి పదేళ్లు నిండాయి. హెచ్‌పీవీ టీకా వేయించమని చెప్పాను. అక్క వెంటనే 2009 గుర్తుచేసింది. అప్పుడు ఖమ్మం జిల్లాలో మా కొత్తగూడెం, భద్రాచలం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది నిజమే, పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దాన్ని తీవ్రంగా తప్పుబట్టింది కూడా. అక్క భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు.

"మీ వాడికి వేయించావా?" అని అడిగింది.

"పదకొండేళ్లకే వేయించాం అక్కా."

"మగపిల్లాడికా?"

"నాకొచ్చింది చూశావుగా."

కాసేపు ఆగి, "సరే, అమ్మాయితో మాట్లాడతాను. ఫారం ఇస్తే మాత్రం తెలుగులో ఇవ్వాలి. పిల్ల తల్లే చదువుకుని, తనే సంతకం పెట్టాలి" అంది.