కర్నూలు మీదికి మకరం వస్తే

మా ఫ్లెక్స్ షాపులో అచ్చుతప్పులు పడి పక్కన పెట్టిన బ్యానర్లు ఎప్పుడూ ఉంటాయి. వెనకవైపు తెల్లగా, ఖాళీగా ఉంటుంది కదా, దాని మీద మార్కర్‌తో, మా ఆదివారం ఆట కోసం, కర్నూలు మ్యాప్ గీశాను. తుంగభద్ర, వచ్చి కలిసే హంద్రీ, ఆ రెంటి మధ్య పాతబస్తీ, కొండారెడ్డి బురుజు, కేసీ (కర్నూలు-కడప) కాలువ, ఊరవతల జగన్నాథగట్టు. మిద్దె మీద పరిస్తే ఎండకు అవతలి వైపున్న ఎవరో నాయకుడి మీసం సరిగ్గా హంద్రీ మీద కనపడుతుంది. పర్లేదు, దాన్ని వంతెన అనుకున్నాం.

ఆదివారాలు మేము ఆడేది రోల్‌ప్లేయింగ్ గేమ్. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహా ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని "నేను ఇది చేస్తా" అంటారు, అది జరిగిందా లేదా ఇరవై ముఖాల డైస్ చెబుతుంది. డైస్ చప్పుడుకు కింద అద్దెకుండే పెద్దాయన ఇది జూదమేనని నమ్మేశాడు. ఉగ్గాని బజ్జీ పంపించాక కొంచెం మెత్తబడ్డాడు.

ఈసారి కథకు నాకు ఊరి మీదికొచ్చే రాక్షసి కావాల్సి వచ్చింది. ఈ ఆటలో ఆ పనికి పేరుమోసింది టారాస్క్ అనే మృగం. 2014 నాటి రూల్స్‌లో దానికి 676 హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తింటే పడిపోతుందనే లెక్క. కొడుతూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది, కథ ఒక్క అడుగు కదలదు. నాకు దాని లెక్కలకంటే దాని పాతకథ నచ్చింది. ఫ్రాన్స్‌లో రోన్ నది ఒడ్డున టారాస్కోన్ అనే ఊరుంది. నదిలోంచి వచ్చి జనాన్ని తినే మృగాన్ని సెయింట్ మార్తా అనే ఆవిడ ప్రార్థనతో లొంగదీసి ఊర్లోకి నడిపించుకొస్తే, జనం దాన్ని చంపేశారట. లొంగిపోయినదాన్ని! అసలు కథ అక్కడే ఉందనిపించింది నాకు.

మనకు మాత్రం తక్కువా? ఏకచక్రపురం చూడండి. మారువేషంలో ఐదుగురు, వాళ్లమ్మ, బస చేసిన ఇంట్లో ఏడుపు, రోజుకో బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. ఒక ఆటకు కావాల్సినవన్నీ వ్యాసుడు ఎప్పుడో అమర్చిపెట్టాడు. అందులో నాకు బాగా ఇష్టమైన ముక్క, బకాసురుడి కోసం తెచ్చిన అన్నం భీముడు కూర్చుని తినేయడం. దాన్ని మాత్రం మొహమాటం లేకుండా ఎత్తేశాను, కింద చెబుతాను.

ఇక మా రాక్షసి. శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు నీళ్ల కింద పోయే గుళ్లు కొన్నింటిని రాయి రాయి విప్పి వేరేచోట నిలబెట్టారు. రూపాల సంగమేశ్వరాలయం అలా జగన్నాథగట్టు మీదికి వచ్చింది. కూడవెల్లి గుడి అలంపురానికి పోయింది. సంగమేశ్వరంలో గుడి ఇప్పటికీ ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండి ఎండాకాలం బయటపడుతుంది. ఇవన్నీ నిజాలు. ఇక్కణ్ణుంచి నా కల్పన, కాలం కూడా రాజుల కాలానికి జరిపేశాను: గుడి విప్పేటప్పుడు మకరతోరణంలో ఒక పక్క మకరాన్ని బండికెత్తారు, రెండోది బురదలో మిగిలిపోయింది. ఏనుగు తొండం, మొసలి దవడలు, చేప తోక, ఒళ్లంతా రాయి. ఏళ్ల తరబడి నీళ్లు తాగి పెరిగింది. ఇప్పుడు తన జత ఎక్కడుందో కనిపెట్టి ఏటికి ఎదురు నడిచి వస్తోంది. దానికి ఊరితో పగేమీ లేదు. గట్టుకు పోవాలి, దారిలో కర్నూలు ఉంది, అంతే.

అది ఎక్కడ పడుకుంటే అక్కడికి నీళ్లు చేరతాయి. ఆట మొత్తం ఈ ఒక్క రూలు మీదే నడుస్తుంది. అందుకే దానికి హిట్ పాయింట్లే రాయలేదు. మ్యాప్ మీద ఆరు మజిలీలు పెట్టాను: రేవు, సంగమం, హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్, పాతబస్తీ, కేసీ కాలువ, గట్టు. రాత్రికొకసారి ఆరు ముఖాల డైస్ వేస్తా, నాలుగు కంటే ఎక్కువ పడితే ఒక మజిలీ ముందుకు. కాలువలోకి దిగిందంటే డైస్ కూడా అక్కర్లేదు, అది పడవలు నడవడానికి కూడా తవ్విన కాలువ, మకరానికి హైవే.

కర్నూలువాళ్లకు నీళ్ల కథ చెప్పేటప్పుడు గొంతు పెంచాల్సిన పనిలేదు. 2009 అక్టోబర్ 2న ఊరిని ముంచిన వరద మా టేబుల్ దగ్గర ఉన్న అందరికీ గుర్తుంది, మా మేనకోడలికి తప్ప. "సంగమం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయని దండోరా వేశారు, ఏం చేస్తారు?" అన్నాను. కత్తివీరుడి పాత్రలో ఉన్న మా బామ్మర్ది ఆలోచించకుండా "గ్యాస్ సిలిండర్ పైకి మోస్తా" అన్నాడు. రాజుల కాలంలో సిలిండరేందని అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "సరే, బియ్యం మూట" అని సవరించుకుని, మ్యాప్ వైపు చూడకుండానే ఏ మిద్దె ఎక్కుతాడో, అక్కడికి ఏ సందులోంచి పోతాడో చెప్పాడు. డైస్ వేయమనలేదు నేను.

కథలో బురుజు దళవాయి, అంటే సేనాపతి, ఒకడిని పెట్టాను. మకరాన్ని చంపి పేరు కొట్టేయాలని వాడి ఆశ. అందాకా జనాన్ని ఊరడించడానికి ఏకచక్రపురం పద్ధతిలో రోజుకో బండెడు అన్నం ఏటి ఒడ్డుకు పంపిస్తుంటాడు. తెల్లారేసరికి బండి ఖాళీ. జనం దండం పెట్టుకుంటారు. మకరం రాయి కదా, దానికి గొంతే లేదు. మరి అన్నం ఎవరు తింటున్నారు? మావాళ్లకు ఈ అనుమానం రావడానికి ఒక పూట పట్టింది. కనిపెట్టింది మేనకోడలే. "మామా, అది తింటే ఎంగిలి విస్తర్లు ఇంత నీటుగా ఎట్ల మడుస్తుంది?" అంది. దళవాయి సైనికులకు జీతాల్లేవు, ఆకలి మీద ఉన్నారు. మకరం వెళ్లిపోతే వాళ్లకు కూడుండదు. ఇప్పుడు చెప్పండి, విలన్ ఎవరు?

బురుజు కింద గద్వాలకు సొరంగం ఉందని మా ఊర్లో చెప్పుకుంటారు కాబట్టి ఎవరో ఒకరు దాంట్లో దూరతామంటారు. దూరనివ్వండి. ఒక గది, కొన్ని గబ్బిలాలు, వెనక్కి తిరిగి రావడం. దాని మీద ఎక్కువ టైమ్ పెట్టకండి.

దాన్ని గట్టు దాకా ఎలా చేర్చాలన్నది అసలు చిక్కు. నడిచిపోతే పాతబస్తీ మునుగుతుంది. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు నూనె పూసుకునేవని మా ఊరి పాత కథ. అందుకని ఆటలో నూనె వర్తకుల సంఘం ఉంది, బండ్లు ఉన్నాయి, ఎద్దులు ఉన్నాయి. రాతిని పొడిగా, బండి మీద తీసుకుపోవచ్చు, అది ఎక్కడానికి ఒప్పుకుంటే. ఒప్పించడానికి గట్టు మీదున్న జత మకరం గురించి ఏదో ఒకటి చూసొచ్చి చెప్పాలి. గట్టు మీది లింగాన్ని భీముడే ప్రతిష్ఠించాడని ప్రతీతి, అందుకని అక్కడి పూజారిని భోజనప్రియుడిగా రాసుకున్నాను. వర్తకులేమో నూనె ధర మూడింతలు చేశారు. పోయిన ఆదివారం ఆట ఆ బేరం దగ్గరే ఆగిపోయింది, మా కత్తివీరుడు అప్పు అడుగుతున్నాడు.

ఇది మీ ఊర్లో ఆడుకోవాలంటే మ్యాప్ ఒక్కటి మార్చితే చాలనుకున్నాను. గండికోట కింద పెన్నా లోయకైతే బాగానే అతుకుతుంది. అనంతపురం ఫ్రెండుకు ఫోన్‌లో చెబితే మాత్రం మొత్తం విని, "పడుకున్న చోటికల్లా నీళ్లొస్తాయా? అట్లయితే బండి గట్టుకెందుకప్పా, ఇట్ల తోలండి, బుక్కరాయసముద్రం చెరువులో పండబెట్టుకుంటాం" అన్నాడు. వచ్చే వారం అనంతపురం నుంచి ఎద్దుల బండ్లతో ఒక దండు దిగుతోంది. మావాళ్లకు ఇంకా చెప్పలేదు.