పోలికలన్నీ విడిచిన ఏనుగు

మాఘ పూర్ణిమ నాడు పూరీలో జగన్నాథస్వామికి గజ ఉద్ధారణ వేషం కడతారు. మొసలి బారి నుంచి ఏనుగును కాపాడిన విష్ణువుగా ఆ రోజు స్వామి దర్శనమిస్తాడు. ఒడిశాలోని పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లం ఆ రోజు పోతనగారి గజేంద్ర మోక్షం తీయకుండా ఎలా ఉంటాం? మా జిల్లా పేరే గజపతి. లఖారి లోయ అడవులు ఏనుగులకు పేరుపడ్డవి. ఏనుగులు దిగాయన్న మాట వినబడితే కొండవార ఊళ్లలో సాయంత్రం ఎంత టెన్షన్‌గా గడుస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

అందుకేనేమో, పోతన భాగవతం 8వ స్కంధంలోని ఈ ఆటవెలది చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది:

అంధకార మెల్ల నద్రిగుహాంతర
వీథులందు పగలు వెఱచి డాగి
యెడరు వేచి సంధ్య నినుడు వృద్ధతనున్న
వెడలె ననగ గుహలు వెడలె కరులు

చీకటి పగలంతా సూర్యుడికి జడిసి కొండగుహల్లో దాక్కుందట. సంధ్యవేళ సూర్యుడు ముసలివాడయ్యేదాకా అదను కోసం కాచుకుని, అప్పుడు బయటపడిందట. గుహల్లోంచి ఏనుగులు రావడం అలా ఉందంటాడు. నలుపును చూసి చీకటితో పోల్చడం ఏ కవికైనా చేతనవును. ఆ దాగడం, కాచుకోవడం, పొద్దు వాలాక కదలడం మాత్రం అడవి ఏనుగు నడతే.

మడుగులో మొసలి పట్టేసరికి పోలిక తిరగబడింది. సూర్యుణ్ణి రాహువు కబళించినట్టు పట్టిందంటాడు. చీకటిగా బయల్దేరిన ఏనుగు ఇప్పుడు గ్రహణం పట్టిన సూర్యుడు! అంతకన్నా ఆశ్చర్యం మొసలికి ఇచ్చిన పోలిక. ఊపిరి బంధించి, ఇంద్రియాల పొగరు అణచి, బ్రహ్మపదాన్ని ఆశ్రయించిన యోగిలా అది ఏనుగు కాలిని పట్టుకుందట. పగవాడికి ఇంత గౌరవమా అనిపిస్తుంది. కానీ అది శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు. విడుదల దానికీ రాసే ఉంది.

(ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడు. పూరీ ఆలయ కథలోని ఇంద్రద్యుమ్నుడు వేరు, ఈయన ద్రవిడ దేశపు రాజు.)

1000 ఏళ్లు పోరాడాక, కలడో లేడో అని కూడా అనుమానపడ్డాక, ఏనుగు నోట వచ్చిన మాట అందరికీ కంఠతా వచ్చిందే:

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె...

ఈ పద్యంలో వెతికి చూడండి, ఒక్క పోలిక కూడా లేదు. బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది, నువ్వు తప్ప ఎవరూ తెలియదు, రా. అంతే. చీకటీ సూర్యుడూ అన్న మాటలు దాని గురించి కవి చెప్పినవి. శరణు వేడేటప్పుడు వాటితో దానికి పనిలేదు. అహంకారంతో పాటు అలంకారాన్నీ పోతన తీసి పక్కన పెట్టాడని నా నమ్మకం.

విన్న స్వామి కూడా అలాగే బయల్దేరాడు. "సిరికిం జెప్పడు" పద్యమంతా ఆయన చేయని పనులే. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేత పట్టలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, జారిన జుట్టు సర్దుకోలేదు.

మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, తెలుగు పద్యం ఇంట్లోనే నేర్పాలి. చాలామంది "లావొక్కింతయు"తో మొదలుపెడతారు. ముందు చీకటి పద్యం నేర్పండి, ఆ తర్వాత రాహువు పద్యం. ఏనుగు ఎంతదో తెలిశాక ఆ మొర వాళ్ల నోట వేరేగా పలుకుతుంది.